దావా వేసిన రైతు షేక్ బందగీ

జనగామ నుంచి సూర్యాపేట వైపు వెళ్లే దారిలో, దేవరుప్పుల మండలంలో కామారెడ్డిగూడెం అనే ఊరుంది. అక్కడ రోడ్డు వారగా ఒక సమాధి ఉంది. అది వలీ దర్గా కాదు, నవాబు గోరీ కాదు, పేరు మోసిన ఆలిమ్ ఖబరూ కాదు. తన కొద్దిపాటి భూమి కోసం దొరను ఎదిరించి కోర్టుకెక్కిన ఒక సామాన్య రైతుది. ఆయన పేరు షేక్ బందగీ. 1941 జూలైలో ఆయన హత్యకు గురయ్యారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ పేరు తెలంగాణ పల్లెల్లో బతికే ఉంది.

ఉర్దూలో బందగీ అంటే దాస్యం, ఆరాధన. బందా అంటే దాసుడు. పాతకాలపు పెద్దలు కొందరు సలాముకు బదులుగా బందగీ అని చెప్పుకునేవారు. అల్లాహ్‌కు దాసుడై ఉండాలన్న కోరికతో తల్లిదండ్రులు పెట్టుకునే పేరు అది. ఆనాటి తెలంగాణ పల్లెల్లో ఇంకొక దాస్యం ఉండేది. దొర ఎదురైతే చెప్పులు చేత పట్టుకొని, నడుము వంచి, బాంచెన్ దొరా అనాలి. బాంచెన్ అన్నా దాసుడనే అర్థం. మొదటి దాస్యాన్ని పేరుగా మోసిన ఈ మనిషి రెండో దాస్యానికి ఒప్పుకోలేదు. ఆయన జీవితమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఆయన చేతికి కర్ర తీసుకోలేదు, తుపాకీ పట్టలేదు. అన్యాయం జరిగిన మనిషి చేయవలసిన మొదటి పని చేశారు. దావా వేశారు. నా హక్కు నాకు ఇప్పించండని అదాలత్ గడప తొక్కారు. ఈనాడు ఎవరైనా కోర్టుకు వెళ్తే పేచీకోరు అని ముద్ర వేసే మనం ఆయన కథ తెలుసుకోవడం చాలా అవసరం.

ఆ కాలం, ఆ జిల్లా

ఇప్పుడు కామారెడ్డిగూడెం జనగామ జిల్లాలోను, మన హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోను ఉన్నాయి. 2016లో జరిగిన జిల్లాల విభజన ఫలితమిది. బందగీ కాలంలో ఈ రెండూ ఒకే నల్లగొండ జిల్లాలోని తాలూకాలు. జనగాం ఉత్తరాన ఉంటే, హుజూర్‌నగర్ దక్షిణాన కృష్ణ ఒడ్డున ఉండేది. కనుక బందగీ మనకు పరాయి జిల్లా మనిషి కాదు.

నిజాం రాజ్యంలో భూమి మూడు రకాలుగా ఉండేది. నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్నది సర్ఫెఖాస్. జాగీర్దార్లకు ఇచ్చినవి జాగీర్లు. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునేది దివానీ. రాజ్యంలో సుమారు అరవై శాతం దివానీ భూములే. వీటిలో రైతుకు, సర్కారుకు మధ్య ఎవరూ ఉండకూడదు. కాని వాస్తవంలో దేశ్‌ముఖ్‌లు ఉండేవారు.

దేశ్‌ముఖ్‌లు మొదట శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే నౌకర్లు మాత్రమే. మొదటి సాలార్‌జంగ్ 1865 ప్రాంతంలో జిల్లాబందీ పద్ధతి తెచ్చి, తహసీల్దార్లను పెట్టి, వసూలు పనిని సర్కారు చేతికి తీసుకున్నారు. పని పోయిన దేశ్‌ముఖ్‌లకు రుసుము పేరుతో ఏటా సొమ్ము ముట్టే ఏర్పాటు జరిగింది. అక్కడితో వారి పెత్తనం ముగియాలి. కాని గ్రామ లెక్కలు, పటేల్ పట్వారీ ఉద్యోగాలు వారి చెప్పుచేతల్లోనే ఉండిపోయాయి. సర్వే జరిగి భూములకు నంబర్లు వేసిన కాలంలో ఎన్నో తరాలుగా రైతు దున్నుతున్న భూమి దేశ్‌ముఖ్ పేరున కాగితానికెక్కింది. దున్నేవాడికి చదువు లేదు. కాగితంలో ఏముందో తెలియదు. చాలా ఏళ్ల తరువాత తాను పట్టాదారు కాదని, దొర దయ మీద దున్నుకునే కౌలుదారునని తెలిసేది. అప్పటికి చేయి దాటిపోయేది.

పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం గురించి రాసిన గ్రంథంలో ఈ దేశ్‌ముఖ్‌ల భూముల వివరాలు ఇచ్చారు. సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలు. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలు. విసునూరు గడీ పెత్తనం చుట్టూ పదుల ఊళ్ల మీద నడిచేది. అందులో కామారెడ్డిగూడెం ఒకటి. గడీ పిలిస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరైనా చేతిలో పని విడిచి వెళ్లి వెట్టి చేయాలి. తగాదా వస్తే తీర్పు చెప్పేది దొరే. జుర్మానా వేసేది దొరే. వసూలు చేసుకునేదీ దొరే.

తగాదా ఇంట్లో మొదలైంది

బందగీది సన్నకారు రైతు కుటుంబం. ఆయనకున్న భూమి నాలుగెకరాలని చెప్పుకుంటారు. నలభై వేల ఎకరాల ముందు నాలుగెకరాలు ఏ లెక్కలోకి వస్తాయని మనకు అనిపించవచ్చు. కాని ఆ నాలుగెకరాల మీదే ఒక కుటుంబం రొట్టె తింటుంది. అది పోతే ఆ ఇంటివారు గడీలో జీతగాళ్లు కావలసిందే.

గడీ మనుషులు వచ్చి హద్దురాళ్లు పీకడంతో ఈ కథ మొదలు కాలేదు. తగాదా మొదట రక్తసంబంధంలో పుట్టింది. వాటాల విషయంలో సొంత మనిషే బందగీకి ఎదురు తిరిగాడు. ఆ మనిషికి దొర అండ ఉంది. దొర ఆ పక్షం వహించి భూమి మీద చేయి వేశాడు. అన్నదమ్ముల మధ్య, దాయాదుల మధ్య పగులు ఎక్కడ కనబడితే అక్కడ గడీ ప్రవేశించడం ఆ కాలంలో మామూలు. ఒకడిని చేరదీసి, రెండోవాడిని వెళ్లగొట్టి, చివరకు ఇద్దరి భూమినీ మింగేవారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఉమ్మడి భూమిని చూసుకునే మనిషి ఆ భూమికి మొత్తం యజమాని కాడు. మిగిలిన వారి వాటాకు అతడు అమీన్. ఆ వాటా అతడి దగ్గర అమానత్. అమానత్‌లో ఖయానత్ చేసినవాడు దొంగ కంటే ఒక మెట్టు దిగువనే ఉంటాడు. ఎందుకంటే దొంగను మనం నమ్మలేదు, ఇతడిని నమ్మాం. బందగీ కథలో దొర దౌర్జన్యం గురించి అందరూ చెబుతారు. దానికి తలుపు తీసింది ఇంటి మనిషేనన్న మాట కూడా చెప్పుకోవాలి.

అదాలత్ గడప

ఊళ్లో అందరూ చేసే పని బందగీ చేయలేదు. గడీకి వెళ్లి కాళ్లు మొక్కి, ఎంతో కొంత దయచేయమని అడగలేదు. జనగాం వెళ్లి కోర్టులో దావా వేశారు.

నిజాం రాజ్యంలో కోర్టులు లేకపోలేదు. మూసీ ఒడ్డున హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. న్యాయశాఖను రెవెన్యూ శాఖ నుంచి వేరు చేస్తూ 1921లో ఫర్మానా వచ్చింది. వసూలు చేసే అధికారే తీర్పు చెప్పకూడదన్న మంచి సూత్రం అది. బ్రిటిష్ వారి పాలనలో ఉన్న ప్రాంతాల్లో అప్పటికి ఆ పని పూర్తిగా జరగలేదు. కాగితం మీద రాజ్యానికి మంచి చట్టాలే ఉన్నాయి. రైతుకు, ఆ చట్టానికి మధ్య దూరమే ఎక్కువ.

ఆ దూరంలో మొదటిది భాష. 1880ల్లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అదాలత్ భాష అయింది. నల్లగొండ జిల్లా రైతు మాట్లాడేది తెలుగు. బందగీలాంటి ముస్లిం రైతు ఇంట్లో ఉర్దూ మాట్లాడవచ్చు. కాని అర్జీలోని ఉర్దూ వేరు. అరబ్బీ, ఫార్సీ పదాలతో నిండిన ఆ భాష చదువుకున్న వారికే కష్టం. ఉర్దూ చదవడం వచ్చినవాడినని మా చుట్టుపక్కల పల్లెల నుంచి నా దగ్గరకు ఇప్పటికీ రైతులు పాత కాగితాలు తెస్తుంటారు. సేత్వార్ నకళ్లు, ఫైసల్ పట్టీలు, నిజాం కాలపు తీర్పులు వాటిలో ఉంటాయి. తాత పేరు ఎక్కడుందో చూపించమంటారు. చూపిస్తే ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంటారు. తన హక్కు రాసి ఉన్న కాగితం తనకు చదవరాకపోవడం ఎంత పెద్ద బాధో అప్పుడు తెలుస్తుంది.

రెండోది ఖర్చు. కోర్టు ఫీజు కట్టాలి. వకీలును పెట్టాలి. ప్రతి పేషీకి పని వదులుకొని వెళ్లాలి. సాక్షులకు దారి బత్తెం ఇవ్వాలి. నాలుగెకరాల రైతు పంటలో ఎంత మిగులుతుందో, అందులో ఎంత కచేరీ పాలవుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

మూడోది అన్నిటికంటే పెద్దది, భయం. దొర మీద సాక్ష్యం చెప్పిన మనిషి అదే ఊరికి తిరిగి రావాలి. అదే బావి నీళ్లు తాగాలి. అదే బాటన పశువులను తోలుకుపోవాలి.

తెలుగులో మనం వాడే ఒక మాటను ఇక్కడ గమనించాలి. ఉర్దూలో, అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, హక్కు అడిగినవాడు. ఎవరి మీద దావా వేశారో అతడు ముద్దా అలైహ్. అదే మాట తెలుగులోకి వచ్చి ముద్దాయి అయ్యేసరికి అర్థం తలకిందులైంది. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. భాషలో ఈ మార్పు ఏ దారిన వచ్చినా, మన పల్లెల్లో జరిగింది మాత్రం అచ్చంగా ఇదే. హక్కు అడిగినవాడే తప్పు చేసినవాడిలా తల దించుకొని నిలబడేవాడు. బందగీ ఉర్దూ అర్థంలో ముద్దయీగా తల ఎత్తి నిలబడ్డారు.

తీర్పు వచ్చింది

ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచింది. బెదిరింపులు వచ్చాయి. బందగీ వెనక్కి తగ్గలేదు. విత్తనం వేసే రోజుల్లోనూ, కోత రోజుల్లోనూ జనగాం దారి పట్టారు. గడీ పెత్తనంలో ఉన్న ఊళ్లవారు ఈ వ్యాజ్యం వైపు ఆశగా చూశారు. గడీ మీద సామాన్యుడు గెలవడం వారు ఎరుగరు.

చివరకు అదాలత్ బందగీ పక్షాన తీర్పు చెప్పింది. భూమి ఆయనదేనని తేలింది. ఈ తీర్పులో ఉన్న బలం ఎకరాల్లో లేదు. నలభై వేల ఎకరాల దేశ్‌ముఖ్ కూడా కోర్టు ముందు జవాబు చెప్పవలసిన మనిషేనని, ఇతరుల సొమ్ము తీసుకుంటే తిరిగి ఇవ్వవలసిన వాడేనని ఆ కాగితం చెప్పింది. గడీకి అది మింగుడు పడలేదు. ఒక్కడిని వదిలితే రేపు పదిమంది కోర్టుకెక్కుతారు.

1941 జూలై చివరి వారంలో దొర గూండాలు మాటు వేసి బందగీని నరికి చంపారు. తీర్పు కాగితం గెలిచింది. దాన్ని చేతబట్టుకొని పొలం దున్నుకోవలసిన మనిషి మట్టిలో కలిశారు.

ఆయన ఒంటరిగా కోర్టుకు వెళ్లారు, ఒంటరిగా గెలిచారు, ఒంటరిగానే దారిలో దొరికిపోయారు. ఊరి మనసు ఆయన వైపు ఉంది. ఊరి కాళ్లు మాత్రం ఆయన వెంట నడవలేదు. ఈ మాట ఆ ఊరిని తప్పుపట్టడానికి కాదు. ఆనాటికి వారికి సంఘం లేదు, ధైర్యం చెప్పేవారు లేరు. తరువాతి కథ చూస్తే ఈ ఒక్క తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆయన తరువాత

అదే 1941లో మన హుజూర్‌నగర్ పక్కనున్న చిలుకూరులో ఆంధ్ర మహాసభ ఎనిమిదో మహాసభ జరిగింది. అధ్యక్షులు రావి నారాయణరెడ్డి. అంతకుముందు పట్నాల్లో చదువుకున్నవారి సభగా ఉన్న మహాసభ రైతుల వైపు తిరుగుతున్న కాలం అది. 1944లో భువనగిరి సభ సభ్యత్వ రుసుమును ఒక్క అణాకు తగ్గించింది. పల్లెపల్లెనా సంఘం వెలిసింది. వెట్టి చేయం, అక్రమ వసూళ్లు ఇవ్వం అన్న మాట పదిమంది కలిసి అనడం మొదలైంది.

అప్పుడు అదే విసునూరు దేశ్‌ముఖ్ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ భూమి మీద కన్ను వేశాడు. ఆమె మల్లంపల్లి దొర భూమిని కౌలుకు తీసుకొని సాగు చేసుకుంటున్నది. బందగీ కథలాగే ఇదీ కోర్టుకెక్కింది. వకీలుగా కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షాన నిలిచారు. తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. పంటను ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వస్తే సంఘం వారు ఎదురు నిలిచి, కోసి, మోసి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. దొర ఒక్కడే. చట్టం కూడా ఇంచుమించు ఒక్కటే. బందగీ వెంట ఎవరూ లేరు, ఐలమ్మ వెంట ఊరు ఉంది. ఐలమ్మ 1985 దాకా బతికారు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగారు. ఆ ఊరూ విసునూరు గడీ పెత్తనంలోనిదే. అక్కడి నుంచి పోరాటం సాయుధమై నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలకు పాకింది. మన హుజూర్‌నగర్ తాలూకా పల్లెలూ అందులో ఉన్నాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చి, దున్నుతున్న కౌలుదారుకు రక్షణ కల్పించింది. ఇంతటి ఉద్యమానికి ముందువరుసలో ఉన్న పేర్లలో కోర్టు కాగితం తప్ప ఇంకే ఆయుధమూ పట్టని బందగీ పేరు ఒకటి.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి మాభూమి నాటకం రాశారు. బందగీ జీవితమే దానికి ఆధారం. ప్రజా నాట్యమండలి దళాలు ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆ నాటకం ఆడాయి. తరువాత మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇదే పేరుతో గౌతం ఘోష్ తీసిన సినిమా వేరు. దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూలో రాసిన జబ్ ఖేత్ జాగే నవల. నాటకమూ సినిమా ఒకటేనని పొరబడేవారు చాలామంది ఉన్నారు.

ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు కొందరు ముస్లింలంటే నిజాం పక్షమని, రైతులంటే ఇంకొక పక్షమని గీత గీస్తుంటారు. బందగీ జీవితం ఆ గీతను చెరిపేస్తుంది. ఆయనను వంచించిన ఇంటి మనిషి ముస్లిం, భూమి మింగబోయిన దొర హిందువు, ఆయన పేరు తలచుకొని లేచి నిలబడిన రైతులు అన్ని కులాలవారు, అన్ని మతాలవారు. మఖ్దూం మొహియుద్దీన్ కవిగా, కార్మిక నాయకుడిగా అదే పక్షాన ఉన్నారు. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలిచ్చారు. ఆనాడు తగాదా హక్కుకు, దౌర్జన్యానికి మధ్యనే జరిగింది.

పాపం వేరు, జమాన్ వేరు

బందగీ వేసిన దావా ఎలాంటిదో మదర్సాలో ఫిఖహ్ చదివిన పిల్లలకు సులభంగా అర్థమవుతుంది. ఇతరుల సొత్తును అన్యాయంగా పట్టుకోవడాన్ని ఫుఖహా గసబ్ అంటారు. దానికి పర్యవసానం రెండు విధాలు. ఒకటి గునాహ్. అది అల్లాహ్‌కు, దాసుడికి మధ్య విషయం. రెండోది జమాన్, అంటే బాధ్యత వహించి నష్టం పూడ్చడం. తీసుకున్న వస్తువు ఉంటే దాన్నే తిరిగి ఇవ్వాలి. పోతే దాని విలువ చెల్లించాలి. పొరపాటున ఇతరుల వస్తువు పాడుచేసిన వాడికి పాపం ఉండదు, జమాన్ మాత్రం ఉంటుంది. నా ఉద్దేశం మంచిదేనంటే నష్టపోయిన వాడి నష్టం పూడదు కదా.

ఈనాటి సివిల్ చట్టం కూడా ఈ తేడాను పాటిస్తుంది. నేరం చేస్తే శిక్షించేది సర్కారు. ఇతరుల పట్ల ఉన్న బాధ్యత తప్పి నష్టం కలిగిస్తే, నష్టపోయిన మనిషే దావా వేసి పరిహారం అడగవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద మన పొలాలే చూడండి. పక్కవాడు తన మడి నీళ్లను అడ్డదిడ్డంగా వదిలి మన వరిని ముంచితే అతడు జైలుకు పోవలసిన దొంగ కాకపోవచ్చు. కాని మన పంట నష్టానికి జవాబుదారు. భూమిని అక్రమంగా అనుభవించినవాడు భూమితో పాటు అనుభవించిన కాలపు ఫలసాయం కూడా చెల్లించాలని సివిల్ చట్టం అంటుంది.

ఈ కొలతతో బందగీ కథను చూస్తే బాధ్యత తప్పినవారు ఒక్కరు కాదు. వాటాదారుకు వాటా ఇవ్వవలసిన బంధువు తప్పాడు. నిజం రాయవలసిన గ్రామ లెక్కలు తప్పాయి. ఇతరుల సొత్తుకు దూరంగా ఉండవలసిన దొర తప్పాడు. తీర్పు చెప్పినంతనే తన పని అయిపోయిందనుకున్న సర్కారు తప్పింది. తీర్పు ఇచ్చిన చేతే దాన్ని అమలు జరిపించాలి, గెలిచినవాడి ప్రాణానికి కాపలా ఉండాలి. అలా జరగనప్పుడు ఆ కాగితం విలువ ఎంత?

మన ఇళ్లలో

దొరలు పోయారు, గడీలు చాలావరకు కూలిపోయాయి. దావాలు మాత్రం పోలేదు. ఇప్పటి దావాల్లో ఎక్కువ భాగం బందగీ తగాదా మొదలైన చోటే మొదలవుతున్నాయి, అంటే ఇంట్లో. తండ్రి పోయాక పెద్దకొడుకు పేరున పట్టా మారుతుంది. తమ్ముళ్లకు తరువాత చూద్దామంటారు. చెల్లెళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. పెళ్లి చేశాం కదా అని నోరు మూయిస్తారు. పెళ్లి ఖర్చు వేరు, విరాసత్ వేరు. అయిదు పూటలా నమాజు చేసి, హజ్ చేసి వచ్చిన ఇళ్లలో కూడా చెల్లెలి వాటా అన్న కింద నలుగుతూ ఉంది. హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు, హక్కుదారు మాఫ్ చేయనిదే మాఫ్ కావు. జానెడు నేల అన్యాయంగా తీసుకున్న వారికి హదీసుల్లో ఉన్న హెచ్చరిక ప్రతి జుమాలో వినేవారమే మనం.

హక్కు పోయినవారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. సొంత భూమి స్వాధీనం కోసం దావా వేయడానికి పన్నెండేళ్ల గడువు. మామూలు బాకీ సొమ్ముకు మూడేళ్లు. స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా దావా వేస్తే చాలు, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి వస్తుంది. ఓపిక పట్టడం మంచిదే. గడువు దాటేదాకా ఊరుకోవడం ఓపిక కాదు.

డబ్బు లేదని వెనుకాడవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం 1995 నవంబరు నుంచి అమలులో ఉంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా, మిగిలినవారిలో తక్కువ ఆదాయం గలవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టులున్న చోట ఈ న్యాయసేవా సంఘాలు పనిచేస్తాయి. ఇరుపక్షాలు ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ తీర్పుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. డిక్రీ వచ్చాక దాన్ని పెట్టెలో దాచుకోకుండా అమలు కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి పన్నెండేళ్ల గడువుంది.

కాగితాల సంగతి కూడా. సేత్వార్ నుంచి ఖాస్రా పహాణీకి, 2020లో ధరణికి, 2025లో భూభారతికి లెక్కలు మారుతూ వచ్చాయి. లెక్క మారిన ప్రతిసారీ చదువు రానివాడి పేరు జారిపోయే ప్రమాదముంది. ఇంట్లో చదువుకున్న పిల్లలు కూర్చొని తాతల నాటి కాగితాలు ఒకసారి సరిచూడాలి. మన పేరు పోయిందేమోనని మాత్రమే కాదు, ఇతరుల వాటా పొరపాటున మన పేరున చేరిందేమోనని కూడా చూడాలి. ఈ రెండోది చూసేవారు అరుదు.

చివరి మాట సాక్షుల గురించి. వ్యాజ్యాల్లో ఎక్కువ భాగం చట్టం లేక ఓడిపోవు, సాక్ష్యం చెప్పేవాడు లేక ఓడిపోతాయి. హద్దు ఎక్కడుందో తెలుసు, డబ్బు ఎవరు ఇచ్చారో తెలుసు, వాటా ఎంతో తెలుసు, అయినా మనకెందుకని ఇంట్లో కూర్చుంటాం. తెలిసిన షహాదత్‌ను దాచడం పాపమని మన పిల్లలకు బడిలో చెబుతాం, పెద్దలమై మనమే దాస్తాం. పక్కింటి వితంతువు పేషీకి వెళ్తుంటే ఆమె వెంట ఒక మనిషి బస్సెక్కినా చాలు. అవతలివాడికి అది తెలుస్తుంది. ఆమె ఒంటరి కాదని లెక్క వేసుకుంటాడు.

కామారెడ్డిగూడెంలో ఆ మనిషి వెంట నడవడానికి ఆనాడు ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆయన చనిపోయాక మాత్రం వేలమంది నడిచారు. బతికుండగా ఆయన వెంట నడవవలసినవారు ఎందరో, ఈనాడు మన వీధుల్లో, మన బంధువుల్లో హక్కు అడుగుతున్న వారి వెంట నడవవలసినవారు ఎందరో, ప్రతి ఒక్కరూ తమ తమ గడపల్లో లెక్క చూసుకోవాలి. హక్కుదారుకు హక్కు చేర్చే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.